బొమ్మ జాకెట్టుకు బుట్ట చేతులు

కాశీబుగ్గలో నాకు చిన్న టైలరింగ్ షాపు ఉంది. ఆడవాళ్ల జాకెట్లు తప్ప మరేమీ కుట్టను. మందస నుంచి, సోంపేట నుంచి పెళ్లి జాకెట్లు తెచ్చి ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చంక దగ్గర ముడత పడకుండా కుట్టేవాడు ఈ చుట్టుపక్కల నేనొక్కడినే అని చాలా ఏళ్లు నమ్మాను. నోటితో అనలేదు గాని, ఇంట్లో నా భార్యకు ఆ సంగతి తెలిసేలాగే నడుచుకున్నాను.

ఆమెది ఉద్దానంలో వజ్రపుకొత్తూరు వైపు ఊరు. పెళ్లికి ముందు పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీలో పప్పు మీది ఎర్రపొట్టు తీసేది. చిన్న చాకుతో, గుండు పప్పు రెండు బద్దలుగా విరక్కుండా తీయాలి. విరిగితే బద్దల గంపలోకి పోతుంది, పైవాళ్లు అరుస్తారు. నన్ను చేసుకున్నాక ఆ పని మానేసి నా షాపులో వెనక స్టూలు మీద కూర్చుంది. హెమ్మింగు, హుక్కులు, కాజాలు, చీరలకు ఫాల్సు ఆమె పని. ఆమెను టైలరని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

టెక్కలిలో కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మేడం ఒకావిడ ఎన్నో ఏళ్లుగా తన జాకెట్లు నాకే ఇస్తోంది. మూడేళ్ల క్రితం ఒకరోజు అట్టపెట్టె ఒకటి పట్టుకుని షాపుకి వచ్చింది.

“ఈసారి నాకు కాదు టైలరు గారూ, దీనికి,” అని మూత తీసింది.

లోపల ఒక బొమ్మ. జానెడు మీద నాలుగు వేళ్లుంటుంది. సన్నటి నడుము, పొడవాటి మెడ, గీసిన కనుబొమ్మలు. పిల్లలు ఆడుకునేది కాదు. ఇలాంటివి ఆవిడ ఇంట్లో గాజు బీరువా నిండా ఉన్నాయట. ఎక్కడెక్కడి నుంచో తెప్పించుకుంటుందట. బొమ్మతో పాటు నలుపు తెలుపు ఫోటో ఒకటి ఇచ్చింది. స్టూడియో తెర ముందు ఆవిడ తల్లి, పిన్నులు వరసగా నిలబడ్డారు. బుట్ట చేతుల జాకెట్లు, మెడ చుట్టూ లేసు, పువ్వుల వాయిల్ చీరలు.

“బొమ్మలు దాచుకునేవాళ్ల గ్రూపులో అందరూ ఫారిన్ గౌన్లే వేయిస్తున్నారు. నా బొమ్మలు మా అమ్మ కాలం మనుషుల్లా ఉండాలి. అచ్చం ఈ ఫోటోలో ఉన్నట్టు కుట్టగలరా?”

“రెండు రోజుల్లో ఇచ్చేస్తాను మేడం,” అన్నాను.

రెండు రోజులు కాదు, వారం గడిచింది. ఆ జాకెట్టు చంక సీసా మూతంత. మిషను పాదం కింద పెడితే బట్టే కనిపించదు. కింది పళ్లు గుడ్డను లోపలికి లాగేసుకుని నమిలేశాయి. ఎలాగో కుడితే చెయ్యి లోపలిది బయటికి తిరగలేదు. నాలుగోసారి తిరిగింది గాని, ఆ సైజులో నా కుట్లు గోనెసంచి మీద కుట్లలా కనిపించాయి. బొమ్మనూ ముక్కలనూ ఇంటికి తెచ్చి బల్ల మీద పడేశాను.

మర్నాడు మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి బొమ్మ జాకెట్టు తొడుక్కుని బల్ల మీద నిలబడి ఉంది. బుట్ట చేతులు గాలి పోసుకున్నట్టు ఉబ్బి ఉన్నాయి. కుచ్చులన్నీ ఒకే ఎడంలో పడ్డాయి. వెనకవైపు ఆవగింజంత పూసలు గుండీలయ్యాయి. కుట్టు ఎక్కడుందో కళ్లు దగ్గరగా పెట్టి వెతుక్కోవాలి.

“ముక్కలు పారేసినావు కదా మావా, ఏటవుతాదో సూద్దామని సేసినాను,” అంది నా భార్య. “మిషను మీద అవ్వదు. సేత్తోనే కుట్టాల. సెయ్యి తిప్పడానికి సీపురుపుల్ల పెట్టినాను.”

బాగుందని అనాలి.

“మెడ కొంచెం పెద్దదయినాది,” అన్నాను. మెడ సరిగ్గానే ఉంది.

ఆ సాయంత్రం మేడం షాపుకి వచ్చి, బొమ్మను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత నా చేతుల వైపు చూసింది. “ఇంత లావు వేళ్లతో ఇంత సన్న పని ఎలా చేశారండీ! ఇవి మామూలు చేతులు కావు.”

నేను చేసిందల్లా నవ్వడమే. ఇంటికెళ్లాక, మేడం ఏమందని నా భార్య అడిగితే, “పరవాలేదంది,” అన్నాను.

ఆ తర్వాత బొమ్మలు ఒకటొకటిగా వచ్చాయి. పరికిణీ ఓణీ, మోచేతుల దాకా జాకెట్టు, చేతుల్లేని జాకెట్టు. మేడం పిన్నుల్లో ఒకావిడ మద్రాసులో చదువుకుందట, ఫోటోలో ఆవిడ వేసుకున్నట్టు కాలరున్న, కింద వెడల్పుగా విచ్చుకునే గేరు గౌను ఒకటి. నా భార్యకు అన్నిటికంటే ఆ గౌను నచ్చింది. మధ్యాహ్నం పని అయ్యాక కిటికీ పక్కన కూర్చునేది. పెదవులు బిగించి, మెడ వంచి, చుట్టూ ఏం జరుగుతున్నా వినిపించనట్టు కుట్టేది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ ముఖం నేను చూడలేదు. నా షాపులో హుక్కులు కుట్టేటప్పుడు ఆ ముఖం ఎక్కడికి పోయిందా అనిపించేది.

వీధిలో ఆడవాళ్లు చూడటానికి వచ్చేవాళ్లు. కూతురి పెళ్లి జాకెట్టు కొలతలిద్దామని షాపుకి వచ్చిన ఒకావిడ, బల్ల మీద గౌను వేసుకున్న బొమ్మను చూసి పెళ్లి సంగతే మర్చిపోయింది. ఫోన్ తీసి నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకుంది. నేను కుట్టిన జాకెట్లు ఎన్ని పెళ్లిళ్లలో తిరిగాయో! వాటిలో ఒక్కదాన్ని కూడా ఎవరూ అలా ఫోటో తీయలేదు. టేపు మెళ్లో వేసుకుని నిలబడి ఆవిడ ఫోటోలు తీయడం అయ్యేదాకా చూశాను.

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది గాని, చిన్న చిన్న పనులు చేశాను. సన్న సూదుల ప్యాకెట్టు షాపులోనే ఉంచేసి మర్చిపోయానన్నాను. ఆమె బజారుకెళ్లి కొనుక్కుంది. కిటికీ దగ్గర కూర్చోగానే నాకు కాఫీ గుర్తొచ్చేది. పెట్టి ఇచ్చి మళ్లీ వెళ్లి కూర్చునేది. ఆమె విసుక్కుని ఉంటే నాకు కొంత బాగుండేది.

ఆ యేడాది చివర్లో మేడం ఒక పట్టు ముక్క తెచ్చింది. ముదురు మెరూన్ రంగు, రెండు అరచేతులంత. తల్లి పెళ్లిచీరలో చెడిపోకుండా మిగిలిన భాగమట. పై వారం ఆదివారం విశాఖపట్నంలో బొమ్మలవాళ్లందరూ కలుస్తున్నారని, బొమ్మ రూపంలో తన తల్లిని పెళ్లికూతురిగా అక్కడ నిలబెట్టాలని చెప్పింది. “జాగ్రత్తండీ. దీనికి రెండో ముక్క లేదు.”

నా భార్య దానితో పెళ్లి జాకెట్టు ఎనిమిది రోజులు కుట్టింది. శుక్రవారం ఉదయానికి పూర్తయింది. ఇస్త్రీ చేసి పెడతానని జాకెట్టు షాపుకి పట్టుకెళ్లాను.

బల్ల మీద పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. అందులో నాది ఏముందా అని వెతికాను. ఏమీ లేదు. మేడం దృష్టిలో అదంతా నాదే. నిజానికి ఒక్క కుట్టు కూడా నాది కాదు. కనీసం ఒక్క వరసయినా నాది ఉండాలనిపించింది. జాకెట్టు ఎడమ చేతి అంచు మిషను మీద పెట్టి తొక్కాను. పాత పట్టు. సూది దిగిన చోటల్లా పోగులు విడిపోయాయి. ఆపి బయటికి లాగేసరికి అంచు నుంచి భుజం దాకా కాగితంలా విచ్చుకుపోయింది. చప్పుడు కూడా పెద్దగా రాలేదు.

ఇంటికి వెళ్లి, “ఇస్త్రీ సేత్తంటే సిరిగిపోనాది,” అన్నాను.

ఆమె జాకెట్టు తీసుకుని వెలుగులో తిప్పి చూసింది. “ఇస్త్రీ సేత్తే మిషను దారం ఎలాగొస్తాది మావా?”

నేను చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాను.

“నువ్వు కుట్టినట్టు సెప్పుకున్నావని నాకు తెలుసు. నువ్వు తానానికి ఎల్లినప్పుడు మేడం ఫోన్ సేసింది. మీ ఆయన సేతుల్లో ఏదో ఉందమ్మా అంది. ఊరుకున్నాను. షాపు నీది, పేరూ నీదే అవ్వనీ అనుకున్నాను. కానీ నాను కుట్టింది ఎందుకు ముట్టుకున్నావు?”

“సూడలేకపోనాను,” అన్నాను. “నీకొచ్చింది, నాకు రాలేదు. అది సూడలేకపోనాను.”

ఆమె ముఖంలో కోపం కంటే ముందు ఆశ్చర్యం కనిపించింది. “నామీద కుళ్లేటి? హుక్కులు కుట్టుకున్నదాన్ని!”

ఆ మాట తిట్టు కంటే గట్టిగా తగిలింది. జాకెట్టు మడిచి పెట్టెలో పెడుతూ అంది: “రేపు టెక్కలి నానూ వొస్తాను. నువ్వే సెప్పాల.”

శనివారం బస్సులో పెట్టె ఒళ్లో పెట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. సగం దారి దాటాక ఒక్కసారి, “అన్నీ సెప్పాల,” అంది. అంతే.

మేడం గారి హాల్లో నిలబడి అన్నీ చెప్పాను. మొదటి జాకెట్టు దగ్గర నుంచి చెప్పాను. మేడం అరవలేదు. జాకెట్టు చిరిగిన చెయ్యిని కిటికీ వెలుగులో పట్టి చూసింది. తర్వాత నా వైపు తిరిగి నెమ్మదిగా అడిగింది.

“మరి ఇన్నేళ్లూ నా జాకెట్లు కుట్టింది ఎవరు?”

“అవి నేనేనండి. హెమ్మింగు మాత్రం ఈమె.”

ఆవిడ నా మాట నమ్మినట్టు లేదు. నా భార్య వైపు చూసింది.

“జాకెట్లు ఆయనే కుడతారండి,” అంది నా భార్య. “బాగా కుడతారు.”

నా పని నాదేనని ఆమె సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. ఆ క్షణంలో కూడా నాకు కృతజ్ఞత కలగలేదు. ఆమె మాట చెల్లింది, నా మాట చెల్లలేదు అన్నదే మనసులో మెదిలింది.

తర్వాత నా భార్య నేల మీద కూర్చుని బొమ్మకు ఆ జాకెట్టే తొడిగి, మేడం తీసిచ్చిన చీర కట్టింది. పైటను ఎడమ భుజం మీద నుంచి నిండుగా చుట్టి చిరుగు కనిపించకుండా చేసింది. మేడం చూసి, “మా అమ్మ పైట ఇలా కప్పుకునేది కాదు,” అంది. అయినా బొమ్మను పెట్టెలో పెట్టుకుంది. మమ్మల్ని పంపేముందు నా భార్య ఫోన్ నంబరు రాసుకుంది.

ఇప్పుడు బొమ్మల పని ఏదైనా ఆ నంబరుకే వస్తుంది. బుధవారాలు ఆమె ఒక్కతే బస్సెక్కి టెక్కలి వెళ్తుంది. ఇద్దరూ పాత ఆల్బమ్ ముందేసుకుని ఏ జాకెట్టుకు ఏ గుడ్డ అని మాట్లాడుకుంటారట. మేడం సొంత జాకెట్లు ఇప్పటికీ నాకే వస్తున్నాయి. కానీ నా భార్య చేతి సంచిలో వస్తున్నాయి. మేడం నా షాపు మెట్లు మళ్లీ ఎక్కలేదు.

ఒకరోజు నా భార్యే అడిగింది. “కాయితం మీద కొలత గీసియ్యి మావా. నాను అందాజుగా కత్తిరిస్తన్నాను, ముక్క పాడవుతాంది.” గీసిచ్చాను. ఆ చిన్న కొలతల్లో చంక వంపు కుదరడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఇప్పుడు కుదురుతోంది. నేను గీస్తాను, ఆమె కుడుతుంది. ఇంట్లో గొడవలేమీ లేవు.

కుళ్లు మాత్రం పోలేదు. పోయిందని రాస్తే అది ఇంకో అబద్ధమవుతుంది. మొన్న ఆమె ఫోన్‌లో బొమ్మలవాళ్ల గ్రూపులో కొత్త బొమ్మ ఫోటో పెట్టారు. నీలం వాయిల్ చీర, తెల్ల జాకెట్టు, కింద నా భార్య పేరు. ఆమె కూర తరుగుతుంటే నేను గుమ్మంలో నిలబడి ఆ ఫోటోను పెద్దది చేసి, ఒక్క వంకర కుట్టయినా దొరుకుతుందేమోనని జాకెట్టు రెండు చేతులూ వెతికాను. దొరకలేదు. ఫోన్ తీసుకెళ్లి ఆమెకు చూపించాను.

ఆమె చేతులు తుడుచుకుని చూసింది. “నువ్వు గీసిన కొలతే కదా మావా,” అంది.

అవునన్నాను. ఆమె నిజమే చెప్పింది, ప్రేమగానే చెప్పింది. నాకే అది చాలలేదు.