బత్తాయి తొనలు, ఉప్పు చేప

టెక్కలిలోని నా హోటల్ వంటగదిలో బత్తాయి ఒలిచినప్పుడల్లా, ఆ తొక్క ఘాటుకి శాంతరాజు గారు గుర్తొస్తారు. ఏళ్ల తరబడి ఓడల్లో వంట చేసి వచ్చి, పలాసలో మెస్ పెట్టుకున్నారాయన. అక్కుపల్లి నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన నన్ను, "సేపలోళ్ల పిల్లవా" అని ముఖం తిప్పుకోకుండా వంటింట్లోకి రానిచ్చింది ఆయనొక్కరే. ఎండాకాలం అన్నం సహించదని, స్పెయిన్ రేవుల్లో నేర్చిన సలాడ్ ఒకటి చేసేవారు. నానబెట్టి కాల్చిన ఉప్పు చేపని చీల్చి, నారింజ తొనలు, ఉల్లిపాయ, ఉడికిన గుడ్డు కలిపి, పైన ఆలివ్ నూనె వేస్తారట అక్కడ. మా మెస్‌లో నారింజకి బదులు బత్తాయి, ఆ నూనెకి బదులు నువ్వుల నూనె. మొదటిసారి చూసి నాకు నవ్వాగలేదు.

"ఉప్పు సేపలో బత్తాయేటి మావా?"

"మావిడికాయ ఏసుకుంటే రాని నవ్వు బత్తాయికెందుకే? తిని సూడు."

తిన్నాను. మళ్లీ నవ్వితే ఒట్టు.

ఆ చేప మా అమ్మే తెచ్చేది. పెరటి గుమ్మంలో ఇచ్చి, ఎండలో నిలబడే నీళ్లు తాగి వెళ్లిపోయేది. లోపలికి రమ్మంటే, "నాకాడ నీసు వాసన. నీ పని పోద్ది" అనేది. ఆ భయం నాకూ ఉండేది. ఒక మధ్యాహ్నం శాంతరాజు గారు బుట్ట తానే అందుకుని, అమ్మని తీసుకొచ్చి అందరి మధ్య బల్ల దగ్గర కూర్చోబెట్టారు. పక్కన భోంచేస్తున్న జీడిపప్పు వ్యాపారి ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుని లేచాడు.

"ఏటి బావా ఈ వాసన? మేం తినక్కర్లేదా?"

నా పని అయిపోయిందనుకున్నాను. అమ్మ కొంగు సర్దుకుని లేవబోయింది. శాంతరాజు గారు వ్యాపారి కంచంలోకి చూశారు. సలాడ్ సగం అయిపోయింది.

"ఆ సేప ఈవిడదే బావా. సేప రుచీ, తెచ్చినావిడ కంపా? కూసుంటే కూసో, పోతే పో. ఆవిడ మాత్రం లెగదు."

వ్యాపారి కండువా తీసి భుజాన వేసుకుని, కూర్చుని కంచం ఖాళీ చేశాడు. శాంతరాజు గారు వడ్డిస్తే, అమ్మ తలవంచుకునే ఓ తొన, ఓ చేపముక్క నోట్లో పెట్టుకుంది. "ఇంకాసేపు నానాలి బాబూ" అంది మెల్లగా. "రేపట్నుంచి ఎక్కువసేపు నానబెడతానమ్మా" అన్నారాయన.

బస్సు ఎక్కించడానికి వెళ్తే అమ్మ కళ్లు తుడుచుకుంది. "నా సేప ఇన్నాళ్లూ అందరూ తిన్నారే. కూసోమన్నోడు ఈయనొక్కడే."

శాంతరాజు గారు ఇప్పుడు లేరు. ఆయన రుణం నేను తీర్చగలిగేది కాదు. నా హోటల్‌కి చేపలూ కూరలూ తెచ్చే ఆడవాళ్లెవరూ గుమ్మంలో నిలబడి నీళ్లు తాగి వెళ్లరు. కూర్చోబెట్టి వడ్డించాకే వాళ్ల బుట్టలోని సరుకు చూస్తాను.