నీళ్ల మీద సాగిన నా పేరు

నిన్న తాడేపల్లిగూడెం ఆసుపత్రిలో నర్సమ్మ "హెఫ్సీబా!" అని పిలిస్తే ముగ్గురు ఆడపిల్లలు లేచారండి. వాళ్లతోపాటు నేనూ లేచాను.

నేను చెబుతుంటే మునిమనవరాలు ఫోనులో రాస్తోంది. పంతొమ్మిది వందల ముప్పైల్లో మా కొల్లేటి ఊరికంతటికీ ఆ పేరు నా ఒక్కదానిదే. పాస్టరుగారు బైబిల్లోంచి తీసి పెట్టారు. పెట్టారు సరే, పలికేదెవరు? నాయనమ్మకి నేను ఎప్సమ్మని. బళ్లో మాస్టారైతే "నువ్వే, లే" అనేవారు.

అమ్మ మాత్రం ఒక్క అక్షరం పోనిచ్చేది కాదు. ఆడవాళ్లు తుంగ కోసుకుని తాటిదోనెల్లో తిరిగొచ్చేసరికి మసకపడేది. చలికాలం మంచులో రేవు కనబడదు. అందుకే పిల్లలం గట్టున నిలబడేవాళ్లం. దోనెలోంచి తల్లి తన పిల్లని పేరు పెట్టి పిలిస్తే "ఓయ్" అనాలి. ఆ కేక వైపు దోనె తిప్పేవారు. మా ఈడువాళ్లకి గుర్తుందా?

ఒక సాయంత్రం మంచు మరీ దట్టంగా పట్టింది. ఎవరి పిలుపూ గట్టుకి అందలేదు, అమ్మ "హెఫ్సీబాఆఆ" తప్ప. మిగతా దోనెలవాళ్లూ అదే అందుకున్నారు. గొంతు పోయేదాకా "ఓయ్" అన్నాను. అందరూ వచ్చేశారు.

"వదినా, నీ కూతురి పేరు నీళ్ల మీద భలే సాగుద్దే!" అంది మరియమ్మత్త వగరుస్తూ. తర్వాత తనకి పుట్టిన పిల్లకి అదే పెట్టుకుంది. ఆపైన ఇంటింటా హెఫ్సీబాలే.

ఇప్పుడు నేను అందరికీ మామ్మగారిని. పేరు పెట్టి పిలిచేవాళ్లు మిగల్లేదు.

"మిమ్మల్ని కాదండీ, కూర్చోండి" అంది నర్సమ్మ. కూర్చున్నాను. కానీ అప్పటికే "ఓయ్" అనేశాను.