నర్సమ్మ ఆంటీ కరివేపాకు చెట్టుకు నేను చేసిన వైద్యం

కంగారూల దేశంలో, ఉత్తరపు కొసనున్న డార్విన్ ఊళ్లో ఒక కరివేపాకు చెట్టు కోసం ఫైరింజన్ వచ్చిన సందర్భం ఒకే ఒక్కటి. దానికి కారకుణ్ణి నేను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఫస్టు క్లాసులో పాసైన మనిషి, ఆ చదువునంతా ఒక పెరట్లో ఒక్క మధ్యాహ్నంలో ఎలా గంగలో కలుపుకోవచ్చో ఆ ఊరికి చేసి చూపించాను. తాపీగా కూర్చుని వినండి. మీ ఇంట్లో కరివేపాకు మొక్క ఉంటే మాత్రం ఇది దాని చెవిన పడనివ్వకండి.

తొంభైల నడిమి మాట. నర్సాపురం నుంచి వచ్చి అక్కడి ఆస్పత్రి ల్యాబులో ఉద్యోగంలో చేరాను. పెళ్లయి ఏడాది. మా ఆవిడ సుజాత, నేను ఆదివారం పొద్దున చర్చికి, అక్కణ్ణుంచి నేరుగా నర్సమ్మ ఆంటీ ఇంటికి వెళ్లేవాళ్లం. ఆంటీది ఫిజీ. ఆవిడ తాతలు ఎప్పుడో విశాఖపట్నం వైపు నుంచి చెరకు తోటల్లో పనికి ఓడెక్కారట. ఫిజీలో గొడవలయ్యాక ఆవిడ డార్విన్ వచ్చి మా ఆస్పత్రి వంటింట్లోనే పనికి కుదిరింది. భర్త లేడు, పిల్లలు లేరు. ఉన్నదల్లా స్తంభాల మీద నిలబడ్డ ఒక చెక్క ఇల్లు, దాని వెనక ఒక కరివేపాకు చెట్టు.

ఆ చెట్టు విలువ ఇప్పటివాళ్లకు చెప్పినా అర్థం కాదు. అప్పట్లో డార్విన్ దుకాణాల్లో కరివేపాకు అడిగితే కర్రీ పౌడర్ డబ్బా చేతిలో పెట్టేవారు. ఊళ్లో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని తెలుగు కుటుంబాలు, అందరికీ కలిపి ఆ ఒక్క చెట్టు. ఎవరో ఇచ్చిన గింజను మొలిపించి ఆంటీ దాన్ని ఇంటి చూరంత ఎత్తు పెంచింది. ఆదివారం ఎవరొచ్చినా తనే రెమ్మ కోసి బల్ల మీద పెట్టేది. చేతికిస్తే తగువులొస్తాయని ఆవిడ నమ్మకం. రెమ్మ తీసుకుని వెళ్లిపోవడం మాత్రం కుదరదు. కూర్చోవాలి, పప్పుచారుతో అన్నం తినాలి, ఆవిడ తాతల నాటి తెలుగులో నాలుగు చీవాట్లు కూడా తినాలి. ఆవిడకు వారమంతా ఆ ఆదివారం కోసమే.

ఆ ఏడు వానాకాలం మొదలవగానే, ఆంటీ తన చెల్లెలి కొడుకు పెళ్లికి ఫిజీ బయలుదేరింది. ఇంటి తాళం నా చేతిలో పెట్టింది.

"ఇల్లు ఎలాగున్నా పరవాలేదు బాబూ. సెట్టు జాగర్త. వారానికోపాలి పుల్ల మజ్జిగ పొయ్యి. ఇంకేటీ వద్దు."

"మజ్జిగ మాత్రమేనా ఆంటీ?"

"మజ్జిగే. నువ్వు సదువుకున్నోడివని నాకు బయ్యంగా ఉంది. ఇంకేటీ వద్దు."

చూశారా, ఆవిడకు ముందే అనుమానం. ఆ అనుమానాన్ని గౌరవించి ఉంటే నేనీ కథ రాసేవాణ్ణి కాదు, మీరు చదివేవాళ్లూ కాదు.

మొదటి వారం బుద్ధిగా మజ్జిగ పోశాను. రెండో వారం వెళ్లేసరికి కింది ఆకులు కాస్త పసుపు రంగుకు తిరిగాయి. ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురుస్తున్న వానలకు వేళ్ల దగ్గర నీళ్లు నిలిచి, చెట్టు కొంచెం ముఖం మాడ్చుకుంది. అంతకంటే ఏమీ లేదు. వాన తెరిపిస్తే అదే సర్దుకునేది. కానీ నాకు చదువుంది కదా.

"సుజాతా, ఇది నత్రజని లోపం," అన్నాను, పల్స్ పట్టుకున్న డాక్టరులా ఒక ఆకు పట్టుకుని.

"ఆంటీ మజ్జిగే పొయ్యమన్నారండీ."

"మజ్జిగ సైన్స్ కాదు. విను. మనం పీల్చే గాలిలో అయిదింట నాలుగు వంతులు నత్రజనే. కానీ చెట్టు దాన్ని తినలేదు. ఇంటినిండా బిరియానీ పెట్టి మూతికి గుడ్డ కట్టినట్టు. మట్టిలో ఉండే సూక్ష్మజీవులు ఆ నత్రజనిని పట్టి అమ్మోనియా చేస్తాయి. ఇంకో రకం జీవులు దాన్ని నైట్రేట్ చేస్తాయి. అప్పుడు గానీ వేరు తాగదు. చెట్టు ఆకు రాలుస్తుంది, ఆకు కుళ్లుతుంది, మళ్లీ మట్టి, మళ్లీ గాలి. ఇదంతా ఒక చక్రం."

"మరి చక్రం దాని మానాన అది తిరుగుతుందిగా. మీరెందుకు చెయ్యి పెట్టడం?"

 జవాబు లేనప్పుడు మగవాడు చేసే పనే చేశాను. కారు తీసి హార్డ్‌వేర్ షాపుకు వెళ్లాను.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. మెరుపు మెరిసినప్పుడల్లా ఆ వేడికి గాలిలోని నత్రజని విడివడి, ప్రాణవాయువుతో కలిసి, వానతో పాటు నేలకు దిగుతుంది. డార్విన్ వానాకాలంలో మెరిసినన్ని మెరుపులు నేనింకెక్కడా చూడలేదు. అంటే, పైనున్నవాడు సాయంత్రమయ్యేసరికి ఎరువు ఉచితంగా చల్లుతున్న ఊళ్లో, నేను అమ్మోనియం సల్ఫేట్ బస్తా భుజాన వేసుకుని బయలుదేరాను.

అక్కడితో ఆగినా బాగుండేది. చెట్టు మీద రెండు గొంగళి పురుగులు కనిపించాయి. మా నాయనమ్మ నర్సాపురంలో ఆనప పాదుకు పురుగు పడితే పొయ్యిలోని బూడిద చల్లేది. బూడిద కావాలి. ఆంటీ పక్కింటి కెవిన్‌కు వానాకాలమైనా, ఎండాకాలమైనా పెరట్లో నిప్పుల మీద మాంసం కాల్చే బార్బెక్యూ తప్పదు. కంచె మీదుగా అడిగాను.

"కెవిన్, నీ బార్బీ బూడిద కొంచెం ఇస్తావా?"

"బూడిదా? దేనికి మేట్?"

"ట్రీకి. ఇట్స్ ఆర్గానిక్."

"టేక్ ద లాట్," అని రెండు బకెట్లు కంచె దాటించాడు.

పురుగుకు బూడిద, ఆకలికి ఎరువు. రెండింటినీ విడివిడిగా వెయ్యడం దేనికి, ఒకేసారి కలిపి పోస్తే పోలేదా అనుకున్నాను. ఆంటీ ఇంటి కింద, స్తంభాల మధ్య కారు పెట్టుకునే చోట, బట్టలు నానబెట్టే పెద్ద టబ్బు ఉంది. అందులో బస్తా సగానికి పైగా గుమ్మరించాను. రెండు బకెట్ల బూడిదా వేశాను. త్వరగా కరగాలని పైకెళ్లి వేణ్ణీళ్లు తెచ్చి పోసి, చీపురు కర్రతో కలపడం మొదలెట్టాను.

కెమిస్ట్రీ చదివినవాళ్లకు ఇప్పటికే ముక్కు మండుతూ ఉండాలి. మిగతావాళ్లకు చెబుతాను. అమ్మోనియం లవణానికి క్షారం కలిపి వేడి చేస్తే ఘాటైన అమ్మోనియా వాయువు వస్తుంది. ఇది ఎమ్మెస్సీ పాఠం కాదు, హైస్కూలు పాఠం. బూడిద క్షారమని గిన్నెలు తోమే ప్రతి ఇల్లాలికీ తెలుసు. నేను ఈ పరీక్షను పరీక్షనాళికలో చిటికెడంత చేసి, మేష్టారి మెప్పు కూడా పొందినవాణ్ణి. అదే పరీక్షను టబ్బులో చేస్తున్నానన్న స్పృహ మాత్రం లేదు.

మొదట కళ్లలో నీళ్లు తిరిగాయి. చెట్టు మీది ప్రేమ అనుకున్నాను. తర్వాత గొంతు పట్టేసింది. అయినా పట్టు వదలకుండా ఆ వేడి వేడి పులుసును బకెట్లతో మోసి చెట్టు మొదట్లో పోశాను. సుజాత పైమెట్టు మీద నిలబడి చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏవండీ, ఏం చేస్తున్నారు?"

"నత్రజని చక్రాన్ని కొంచెం వేగంగా తిప్పుతున్నాను."

కంచె అవతల కెవిన్ దగ్గు వినిపించింది. తర్వాత వాళ్లావిడ దగ్గు, తర్వాత వాళ్ల కుక్క దగ్గు. కుక్క దగ్గడం నేను అదే మొదటిసారి వినడం. "గ్యాస్ లీక్," అని ఎవరో అరిచారు. కాసేపటికి వీధి మలుపులో సైరన్ మోగింది.

ఫైరింజన్ లోంచి మాస్కులు పెట్టుకున్నవాళ్లు దిగి, వీధిలో అందర్నీ అవతలికి పంపారు. వాళ్ల పెద్ద నా దగ్గరికొచ్చాడు.

"ఏముంది ఆ టబ్బులో?"

"ఫర్టిలైజర్ సర్."

"ఇంకా?"

"కొంచెం బూడిద."

"ఎంత కొంచెం?"

చేతులు చాపి చూపించాను. చాపుతూనే ఉన్నాను. అప్పుడు, సరిగ్గా అప్పుడు, నాకు హైస్కూలు ల్యాబు, పరీక్షనాళిక, మేష్టారు అన్నీ వరసగా గుర్తొచ్చాయి.

"నువ్వేం పని చేస్తావు?" అని అడిగాడాయన.

నేను నోరు తెరిచేలోపే మెట్ల మీది నుంచి మా ఆవిడ గట్టిగా, స్పష్టంగా, పెళ్లి చూపుల్లో మా నాన్న చెప్పినంత గర్వంగా చెప్పింది. "హీ ఈజ్ ఎ కెమిస్ట్."

 ఆయన "గుడ్ ఆన్ యా," అని, అంటే శభాష్ అని, నా భుజం తట్టి, పైపు తెప్పించి టబ్బూ, పెరడూ, చెట్టు మొదలూ శుభ్రంగా కడిగించాడు. ఆ నీళ్లన్నీ పల్లానికి, అంటే కెవిన్ పెరట్లోకి పోయాయి.

మూడు నాలుగు రోజుల్లో చెట్టు ఆకంతా మాడి రాలిపోయింది. ఒక్క రెమ్మ మిగల్లేదు. కెవిన్ గడ్డి మాత్రం పచ్చగా, మోకాలెత్తు లేచింది. నేను చెట్టుకిచ్చిన నత్రజని, చెట్టుకు తప్ప అందరికీ అందింది. "ఏం వేశావు మేట్? వారంలో రెండుసార్లు కొయ్యాల్సొస్తోంది," అని కెవిన్ సంతోషంగా అడిగాడు. నేను ఏడవలేక నవ్వాను.

పెళ్లి ముగించుకుని వస్తున్న ఆంటీని తీసుకురావడానికి ఎయిర్‌పోర్టుకు వెళ్లాను.

"నా సెట్టెలాగుంది బాబూ?"

"ఉంది ఆంటీ." ఇది అబద్ధం కాదు. కర్ర ఉంది.

"మజ్జిగ పోసినావా?"

"మొదటి వారం పోశాను ఆంటీ. ముందు మా ఇంటికి పోదాం రండి, టీ తాగుదురుగాని."

ఆవిడ టీ వద్దంది. ఇంటికెళ్లగానే సామాను కారులోనే వదిలేసి పెరట్లోకి నడిచింది.

"ఇదేటి? బట్టలారేసుకునే కర్రా?"

జరిగిందంతా చెప్పాను. అమ్మోనియా దగ్గరకొచ్చేసరికి ఆవిడ చెయ్యెత్తి ఆపింది. తిడుతుందని ఒళ్లు దగ్గర పెట్టుకుని నిలబడ్డాను. ఆవిడ తిట్టలేదు. ఆ ఎండుకర్రను అరచేత్తో కాసేపు నిమిరి, లోపలికెళ్లి తలుపు వేసుకుంది. తిట్టి ఉంటే నాకు అన్నం సయించేది.

తర్వాత తనే రంపంతో కర్రను మొదలు దాకా కోసేసి, ఆ మోడుకు మజ్జిగ పొయ్యడం మొదలెట్టింది. వానలు కురుస్తూనే ఉన్నాయి. పైన ఆకాశం ఎవరినీ అడక్కుండా మెరుస్తూ, నేను పాడుచేసిన మట్టిని మెల్లగా కడుగుతూనే ఉంది. ఆ సీజను చివర్లో ఒక ఆదివారం కెవిన్ గడ్డి కోస్తూ ఠక్కున మిషన్ ఆపేశాడు.

"మేట్, నా లాన్ మీ లంచ్ వాసనొస్తోంది."

పరుగెత్తాం. కంచెకు అటూ ఇటూ, గడ్డి మధ్యలో, మెట్ల పక్కన, ఎక్కడ చూస్తే అక్కడ కరివేపాకు పిలకలు. చెట్టు నెత్తిన దెబ్బ పడితే, చావకుండా దూరంగా పాకిన వేళ్లలోంచి అలా లేస్తుందట. సుజాత కళ్లు తుడుచుకుంది. నేను మాత్రం నిస్సిగ్గుగా, "చూశారా ఆంటీ, నా వైద్యం," అన్నాను.

ఆంటీ పిలకలన్నీ తవ్వించి ఇంటికొకటి పంచింది. ఒకటి తనకుంచుకుంది. అందరూ నన్ను మెచ్చుకున్నారు. నేను కూడా నన్ను మెచ్చుకున్నాను.

తర్వాత కొన్ని ఆదివారాలకు గానీ నాకు నేను చేసిన అసలు ఘనకార్యం తెలియలేదు. చర్చి నుంచి వెళ్లేసరికి ఆంటీ పెద్ద గిన్నెడు పప్పుచారు ముందు పెట్టుకుని ఒక్కతే కూర్చుంది.

"సెట్టు సంపినావు, పోన్లే అనుకున్నాను," అంది. "ఇంటింటికీ సెట్టు ఇప్పించినావు సూడు, అదే నాకు కష్టంగా ఉంది. ఇంకెవురొస్తారు బాబూ?"

 కుర్చీ లాక్కుని కూర్చుంటూ, "మా మొక్క చచ్చిపోయింది ఆంటీ," అన్నాను.

ఆవిడ నమ్మింది. చెట్లను చంపడంలో ఆ ఊళ్లో నా పేరుకు తిరుగులేదు కదా. ఆ వారం నుంచి ప్రతి ఆదివారం వెళ్లి, ఉత్త చేతుల మనిషిలా మొహం పెట్టి, బల్ల మీది రెమ్మ తీసుకున్నాను. చిత్రంగా మిగతావాళ్లు కూడా, తమ మొక్కా చచ్చిపోయిందంటూ, ఒక్కొక్కరే తిరిగి రావడం మొదలెట్టారు. మళ్లీ కుర్చీలు చాలలేదు.

ఏడాది తిరిగాక ఒక సాయంత్రం ఆంటీ చెప్పాపెట్టకుండా మా ఇంటికొచ్చింది. నేను సరిగ్గా మా పెరట్లో నా భుజం దాకా ఎదిగిన కరివేపాకు మొక్కకు మజ్జిగ పోస్తున్నాను.

"ఇదేటి బాబూ?"

"బంతి మొక్క ఆంటీ," అన్నాను, మరేదీ తోచక.

ఆవిడ ఒక ఆకు తుంచి, నలిపి, వాసన చూసింది. "మంచి బంతి," అంది. సంచిలోంచి నా కోసం తెచ్చిన రెమ్మ తీసి, చేతికివ్వకుండా మెట్టు మీద పెట్టింది.

"ఆదోరం అన్నానికి రా. ఈ బంతి సంగతి నేనెవుళ్లకీ సెప్పను. అందరిళ్లకీ ఎళ్లి సూసొచ్చినాను, అన్నిచోట్లా ఇలాటి బంతే. ఊరందరి మొక్కలూ సచ్చిపోయినాయి గదా, నీదొక్కటే బతికుంటే ఏటి బాగుంటాది?"

అందువల్ల పెద్దలందరి సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట పుల్ల మజ్జిగ తప్ప ఈ భూమికి మరే మందూ పొయ్యను. దాని చక్రాల్లో వేలు పెట్టను. మా కరివేపాకు ఎలా ఉందని ఎవరడిగినా, అది ఇంటి చూరు దాటి ఎదిగినా సరే, చచ్చిపోయిందనే చెబుతాను.