తలుపుకేసి కుర్చీలు

ఆ సమాఖ్య తానుగా ఎవరికీ అన్నం పెట్టదు, మందూ ఇవ్వదు. ఆ పనులు చేసే చిన్నచిన్న సంఘాలకు గది, కుర్చీలు, మైకు ఇస్తుంది. ఒక సంఘాన్ని ఇంకో సంఘానికి పరిచయం చేస్తుంది. చాకిరీ తనది, పేరు వాళ్లది.

దాని వీధి గుమ్మానికి ఎదురుగా బల్ల వేసుక్కూర్చునే ఆవిడను అందరూ గుమ్మం అక్క అంటారు. వచ్చినవాళ్ల గోడు విని, ఫలానా సంఘానికి వెళ్లండని దారి చెప్పడం ఆవిడ ఉద్యోగం. చలిగాలీ, దుమ్మూ తిన్నగా ఆవిడ ముఖానే కొడతాయి. లోపల ఫ్యాను కింద చోటిస్తామంటే ససేమిరా అంది.

"ఆ కుర్చీకి మేకులు కొట్టేసుకున్నావా ఏంటక్కా?" అని టైపిస్టు ఆటపట్టిస్తే నవ్వేసి ఊరుకునేది.

ఆవిడ పెంచి పెద్దచేసిన తమ్ముడు, జుట్టు కత్తిరించుకొస్తానని ఒక ఉదయం వెళ్లి ఇక రాలేదు. ఏళ్లు గడిచాయి. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. చెబితే జాలిపడతారు, జాలిపడేవాళ్లు మెల్లగా ఆశ వదులుకోమంటారు. అది ఆవిడకు గిట్టదు. తలుపు కిర్రుమంటే చాలు, ముందు వచ్చినవాళ్ల భుజాలు చూస్తుంది. తమ్ముడికి ఎడమ భుజం కాస్త వాలి ఉండేది.

ఒకరోజు ఒక దర్జీ రుసరుసలాడుతూ వచ్చాడు. భార్య కనబడకుండా పోయిందని కిందటి వారమే వస్తే, ఉత్త చేతులతో పంపలేక, ఆప్తులను పోగొట్టుకున్నవాళ్ల సంఘానికి ఆవిడే పంపింది.

"అక్కడ నన్ను మా ఆవిడకి వీడ్కోలు చెప్పమన్నారమ్మా! తను ఎక్కడో ఉంది. ఉన్న మనిషికి వీడ్కోలేంటి?"

ఇన్నేళ్లు చుట్టాలెవరైనా ఆ మాటంటే మండిపడిన గుమ్మం అక్క, ఈ మనిషిని చేజేతులా అక్కడికే తోసింది. తమ్ముణ్ణి కూడా తనే చచ్చినవాళ్లలో కలిపేసినట్టనిపించింది.

తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్లింది. "సార్, ఎదురుచూసేవాళ్లకి వేరే సంఘం కావాలి. ఒక గది ఇవ్వండి."

"కనీసం ముగ్గురుండాలి కదమ్మా. రూలు."

రూళ్లు పెట్టినవాళ్లకు తమ్ముళ్లుండరు కాబోలు.

"దర్జీ ఉన్నాడు. కూతురి కోసం తిరుగుతున్న పాలావిడ ఉంది."

"మరి మూడో మనిషి?"

"నేనే సార్."

మేనేజరు సొరుగులోంచి గది తాళంచెవి తీసి ఇచ్చాడు. ఆసుపత్రుల్లో రోగులకు సాయం చేసే సంఘానికి అప్పటికప్పుడే ఫోను చేసి, ఊరూ పేరూ చెప్పలేని మనుషులు కనబడితే కబురు పెట్టమన్నాడు.

ఆ ఆదివారం గుమ్మం అక్క అన్ని సంఘాలకూ వేసినట్టే కుర్చీలు గుండ్రంగా వేసింది. పాలావిడ కూర్చోబోయి, కుర్చీ తలుపువైపు తిప్పుకుంది. దర్జీ తనదీ జరుపుకున్నాడు. తలుపుకు వీపు పెట్టడం ఎవరివల్లా కాలేదు. చివరకు ముగ్గురూ బస్సు కోసం కూర్చున్నట్టు ఒకే వరుసలో, తలుపుకేసి కూర్చున్నారు.

"మీ వాడొస్తే ముందేమంటారమ్మా?" తమ్ముడి సంగతి విన్నాక అడిగాడు దర్జీ.

"తిడతాను," అంది గుమ్మం అక్క. "జుట్టు కత్తిరించుకోడానికి ఇంతసేపేంట్రా అని తిడతాను."

పాలావిడ ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఇన్నాళ్లూ లోపలే అణిచిన ఏడుపు అప్పుడు తన్నుకొచ్చింది. ఊరుకోమని ఇద్దరిలో ఎవరూ అనలేదు.

వరండాలో అడుగుల చప్పుడైంది. ముగ్గురూ చటుక్కున లేచి నిలబడ్డారు. వాచ్‌మన్ తల లోపలికి పెట్టాడు.

"గాలి కొడుతోంది, తలుపు వేసేయనా?"

"వద్దు!" అన్నారు ముగ్గురూ ఒక్కసారే.