సైకిల్ షెడ్డులో చాటుగా చేసిన పని

ఆ ఏడాది కంపెనీ నన్ను అడిగింది ఒక్కటే. రోజూ పొద్దున రావాలి, సంతకం పెట్టాలి, ఏ పనీ చేయకుండా కూర్చోవాలి. సరిగ్గా అదే నాకు చేతకాలేదు.

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో నీటి పంపులు తయారు చేసే చిన్న కంపెనీ అది. మెకానికల్ డిప్లొమా అయిపోగానే అందులో ట్రైనీగా చేరాను. తొంభైల చివరి రోజులు. నా ట్రైనింగు ముగింపుకొచ్చే వేళకు ఆర్డర్లు ఆగిపోయాయి. నోటీసు బోర్డు మీద లేఆఫ్ అని ఒక కాగితం అంటించారు. అంటే పని లేదు, కానీ ఉద్యోగం ఉంది. షిఫ్టు వేళకు గేటు దగ్గర హాజరు వేయించుకోవాలి, మధ్యాహ్నం దాకా లోపలే ఉండాలి, సగం జీతం తీసుకోవాలి. మెషిన్ల హాలుకు తాళం వేశారు. ఇక మాకు మిగిలింది సైకిల్ షెడ్డు.

మొదటి రోజే పర్సనెల్ ఆఫీసరు షెడ్డులోకి వచ్చాడు. కృష్ణా జిల్లా మనిషి. ఎంత కోపం వచ్చినా మాట మెత్తగానే ఉండేది.

"చూడండి బాబూ, ఈ ఆవరణలో ఎవరూ పనిముట్టు ముట్టుకోకూడదు. ఒక్కడు పని చేసినట్టు తేలినా, పని ఉందిగా, పూర్తి జీతం ఇవ్వండి అని యూనియన్ వాళ్లు నా మీద పడతారు. దయచేసి ఖాళీగా ఉండండి." వెళ్లబోతూ నా వైపు తిరిగాడు. "నువ్వు ట్రైనీవి. నిన్ను పర్మినెంట్ చేసే కాగితం నెలాఖరుకు నా బల్ల మీదకొస్తుంది. నువ్వు అందరికంటే ఖాళీగా ఉండాలి."

ఆ కాగితం సంగతి పక్క ఊరు ఇంద్రేశంలో మా ఇంట్లో అందరికీ తెలుసు. పర్మినెంట్ ఉద్యోగం మా వంశంలో ఎవరికీ లేదు. నాయిన చాలా ఏళ్లు పొలాల్లో కూలికి పోయి, తర్వాత పటాన్‌చెరులో లారీలకు బస్తాలెత్తే హమాలీ అయ్యాడు. ఆ రాత్రి లేఆఫ్ గురించి వివరంగా చెప్పాను. ఆయనకు నమ్మకం కుదరలేదు.

"ఏం జెయ్యొద్దా?"

"ఏం జెయ్యొద్దు నాయినా."

"జెయ్యకపోతె పైసలిస్తరా?"

"సగం ఇస్తరు."

"జేస్తె?"

"తీసేస్తరు."

నాయిన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "గంతేనా? మంచిగ కూసో బిడ్డా. కూసునుడు గూడ రాకపోతె ఇగ నీకేమొస్తది?" అన్నాడు. అమ్మ తెల్లారేసరికి వాడకట్టంతా చెప్పేసింది, మావోడు ఉత్తగ కూసుంటె జీతమిస్తరు, గంత సదువు సదివిండు అని.

మొదటి వారం నేను కూర్చోవడాన్ని ఒక సబ్జెక్టుగా తీసుకున్నాను. సిమెంటు దిమ్మె మీద కూర్చుంటే కాళ్లకు తిమ్మిరెక్కుతుంది. సైకిల్ క్యారియర్ మీద కూర్చుంటే స్టాండు ఒరుగుతుంది. గోడకు ఆనుకుంటే చొక్కాకు సున్నం అంటుతుంది. కొందరు కావాలనే ఆనుకునేవారు, ఇంటికెళ్లాక ఏదో చేసొచ్చినట్టు కనబడుతుందని. ఆ వారమంతా నాకు ఆకలి వేయలేదు. మధ్యాహ్నాలు నిద్రపోయి, రాత్రుళ్లు మేలుకుని, కూరలో ఉప్పు గురించి అమ్మతో తగువు పెట్టుకునేవాణ్ని.

నాకంటే కష్టం మా టర్నర్‌ది. ఆయన్ని అందరం ఉస్తాద్ అనేవాళ్లం. ఇనుము చెక్కే లేత్ మెషిన్ ముందు నిలబడే తల నెరిసిన మనిషి. షెడ్డులోనూ ఆయన కూర్చునేవాడు కాదు. నిలబడే ఉండేవాడు, కుడి చేయి మాత్రం గాలిలో హ్యాండిల్ తిప్పుతుండేది. దాన్ని చూసి, ఇవాళ ఎన్ని పీసులు తీశావని మా బీహారీ వెల్డర్ ఏడిపించేవాడు.

"ఉస్తాద్, ఆజ్ కిత్నా పీస్ హువా?"

"ముప్పై," అనేవాడు ఉస్తాద్ చేయి ఆపకుండా. "సబ్ రిజెక్ట్."

రెండో వారం నా కళ్లు సైకిళ్ల మీద పడ్డాయి. అన్నిటికీ ఏదో ఒక రోగం ఉంది. ఉస్తాద్ సైకిల్ వెనక చక్రం వంకర. వెల్డర్ సైకిల్‌కు బ్రేకు పడుతుంది గానీ సైకిల్ ఆగదు. వాచ్‌మన్ సైకిల్‌కు ఎడమ పెడల్ అరిగిపోయి ఇనప కడ్డీ మిగిలింది. మర్నాడు నా టిఫిన్ గిన్నెలో అన్నం కింద ఒక పానా పెట్టుకుని బయల్దేరాను.

ఇదివరకు గేటులో బయటికి పోయేవాళ్లను తడిమి చూసేవారు. లేఆఫ్ వచ్చాక లోపలికి వచ్చేవాళ్లను తడుముతున్నారు. వాచ్‌మన్ గిన్నె మూత తీసి అన్నాన్ని వేలితో పొడిచాడు. ఠంగుమంది.

"ఏందిది?"

"మామిడికాయ తొక్కు అన్నా."

"తొక్కు గింత గట్టిగుంటదా?"

"పాతది అన్నా."

వాచ్‌మన్ మూత పెట్టేశాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఆ తొక్కుతోని నా పెడల్ జెర సూస్తవా?"

అట్లా మొదలైంది. వెల్డర్ సాక్సులో స్క్రూడ్రైవర్ తెచ్చాడు. ఉస్తాద్ తలపాగాలో ఆకురాయి తెచ్చాడు. ఆఫీసరు మా వైపు వస్తుంటే వాచ్‌మన్ గేటు నుంచే, రోజుకు రెండోసారైనా మూడోసారైనా, "నమస్తే సార్!" అని గొంతు చించుకునేవాడు. వెంటనే మేమందరం ఖాళీగా ఉన్నట్టు నటించాలి. దానికి చాలా నేర్పు కావాలి. గ్రీజు చేతులు వీపు వెనక పెట్టుకోవాలి, ఆయాసం ఆపుకోవాలి, ముఖాల్లో విసుగు తెచ్చుకోవాలి. వెల్డర్ గురక పెట్టేవాడు, అది మరీ తాళంలో ఉండేది. ఆఫీసరు మమ్మల్ని చూసి తృప్తిపడి, "బాగుంది, ఇలాగే ఉండండి," అని వెళ్లిపోయేవాడు.

అసలు కష్టం ఎప్పుడొచ్చిందంటే, సైకిళ్లన్నీ బాగైపోయినప్పుడు. ఒక రోజంతా బాగున్న నట్లను వదులు చేసి మళ్లీ బిగించుకున్నాం. అందులో రుచి లేదు. అప్పుడు ఇళ్లలోంచి సామాను రావడం మొదలైంది. కిరోసిన్ స్టవ్వులు, మిక్సీలు, గొళ్లెం పడని ట్రంకు పెట్టెలు. వాచ్‌మన్ బీరంగూడలో ఉండేవాడు, ఆ చుట్టుపక్కల ఇళ్ల సామాను ఆయన సైకిల్ మీదే వచ్చేది. అదీ ఊరికే. ఈ విషయంలో ఉస్తాద్ తీర్పు చెప్పాడు.

"పైసలు తీస్కుంటె అది పనైతది. మనం లేఆఫ్‌ల ఉన్నం, పని జేస్తలేం. ఉత్తగ చేతులు కదుపుతున్నం."

నాకు మళ్లీ ఆకలి వేసింది. రాత్రి పడుకోగానే నిద్ర పట్టేది. అమ్మ కూరలో ఉప్పు కూడా సరిగ్గా పడటం మొదలైంది.

నెలాఖరు దగ్గర పడుతుండగా వాచ్‌మన్ ఒక టేబుల్ ఫ్యాను తెచ్చాడు. తిరుగుతుంటే కీచుమంటుంది. ఎవరిదని మేం అడగలేదు, ఆయనా చెప్పలేదు. విప్పి చూస్తే షాఫ్టును పట్టుకునే బుష్ అనే ఇత్తడి తొడుగు అరిగిపోయింది. లేత్ మీద అయితే ఉస్తాద్ చిటికెలో కొత్తది తీసిచ్చేవాడు. లేత్‌కు తాళం. నేను ఇత్తడి గొట్టం ముక్క తెచ్చుకుని, చేత్తోనే ఆకురాయి పట్టి, గరుకు ఎమరీ కాగితంతో రుద్ది రుద్ది బుష్ తయారు చేశాను. ఉస్తాద్‌ను వేలు పెట్టనివ్వలేదు. షెడ్డులో లైటు వైరుకు తగిలించి తిప్పితే ఫ్యాను చప్పుడు లేకుండా తిరిగింది. ఆ రోజు సైకిల్ తొక్కుతూ ఇంద్రేశం దాకా ఈల వేసుకుంటూ వెళ్లాను.

మూడో రోజు ఆఫీసరు మమ్మల్ని నలుగురినీ గదికి పిలిపించాడు. ఆయన బల్ల మీద నా ఫ్యాను ఉంది.

"ఇది బీరంగూడలో మా ఇంటి ఫ్యాను," అన్నాడు మెత్తగా. "ఎక్కడ చేయించావని మా ఆవిణ్ని అడిగాను. మీ సైకిల్ షెడ్డులో ఊరికే చేస్తారట కదండీ, మీకు తెలీదా అంది. నా కంపెనీలో పని జరుగుతోందని నాకు మా ఆవిడ చెప్పాలా?" ఒక్కొక్కరి ముఖం చూశాడు. "ఎవరు చేశారు?"

ఉస్తాద్ ముందుకొచ్చాడు. "మేం పని జేసుడేంది సార్? ఇన్నేండ్ల సంది మేం పని జేస్తలేమని మీరే అంటిరి గదా."

"సాబ్, హమ్‌కో తో కామ్ ఆతా హీ నహీ," మాకసలు పనే రాదంటూ చేతులు జోడించాడు వెల్డర్.

వాచ్‌మన్ అటెన్షన్‌లో నిలబడ్డాడు. "నాకేం కనవడలే సార్. డ్యూటీల నేను నిద్రపోతుంట."

నేను నేల చూశాను. ఏం మాట్లాడకపోతే సరిపోయేది. ఆఫీసరు నిట్టూర్చాడు.

"సరే, ఎవరూ చేయలేదు. చేసినవాడెవడో గానీ వాడికి పని రాదు. రాత్రంతా కీచు కీచుమని చంపేసింది."

"కీచుమనదు సార్," అన్నాను.

 ఉస్తాద్ నా కాలు తొక్కాడు.

"నీకెలా తెలుసు?"

"బుష్ కొత్తది సార్. చప్పుడు వచ్చే వీలే లేదు."

ఆఫీసరు స్విచ్ వేశాడు. ఫ్యాను తిరిగింది, తల కుడికి తిప్పింది, ఎడమకు తిప్పింది. ఎడమ చివరికి వచ్చేసరికి, కీచ్.

అందరూ నన్నే చూశారు. ఆఫీసరు చూపు భరించగలిగాను. ఉస్తాద్ చూపు భరించలేకపోయాను. "గిదా నువ్వు జేసింది?" అన్నాడు, తామెవరూ ఏమీ చేయలేదని అప్పుడే చెప్పిన సంగతి మరిచిపోయి.

ఆఫీసరు మిగతావాళ్లను పంపేశాడు. తలుపు వేసి, సొరుగులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టి పేపర్‌వెయిట్ ఉంచాడు. నన్ను పర్మినెంట్ చేసే కాగితం. ఫ్యాను దాని వైపు తిరిగినప్పుడల్లా అంచులు రెపరెపలాడుతున్నాయి.

"చూడు బాబూ, నువ్వు కుర్రాడివి. ఈ ఫ్యాను నేను చేయలేదు సార్ అని ఒక్క ముక్క చెప్పు. ఇప్పుడే సంతకం పెడతాను. నేను పైవాళ్లకు జవాబు చెప్పుకోవాలి, నాకూ ఆ ఒక్క ముక్క చాలు."

కాగితం కనిపిస్తోంది. నాయిన కనిపిస్తున్నాడు, వాడకట్టు కనిపిస్తోంది. కానీ చెవి ఫ్యాను మీదే ఉంది. కీచ్. మళ్లీ అంతసేపు ఆగి, కీచ్. ఎడమ చివర తప్ప ఎక్కడా రావడం లేదు. అంటే నా బుష్ కాదు. మెడ తిప్పే చోట ఉన్న చిన్న పళ్ల చక్రం. షెడ్డులో తల తిప్పే మీట వేసి చూడనేలేదు నేను.

"సార్, పది నిమిషాలు ఇయ్యండి. మెడ కాడ ఉన్నది రోగం."

"అది కాదు నేనడిగింది. నువ్వు చేశావా, లేదా?"

అది బాగా కుదిరిన పని అయితే చేయలేదని చెప్పేవాణ్నేమో. ఎవరు చేశారో తెలియకపోయినా ఫ్యాను హాయిగా తిరుగుతుండేది. సగంలో వదిలేసి కీచుమంటున్నదాన్ని నాది కాదనడానికి నోరు రాలేదు.

"నేనే చేసిన సార్."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ట్రైనింగు తృప్తికరంగా లేదు అని రాస్తాను. అసలు కారణం రాస్తే చదివినవాళ్లు నవ్వుతారు," అన్నాడు. రాశాడు, సంతకం పెట్టాడు. పెన్ను మూత పెట్టడం మరిచిపోయాడు.

 ఫ్యాను వైపు చూస్తూ అడిగాను. "అయితే ఇప్పుడు నేను కంపెనీ మనిషిని కాదు గదా సార్?"

"కాదు."

"లేఆఫ్ నాకు లేదు గదా."

"లేదు."

"మరి ఆ ఫ్యాను ఇటియ్యండి."

ఆయన నన్ను కొత్తగా చూసినట్టు చూశాడు. లేచి తనే ప్లగ్గు పీకి, వైరు చుట్టి, ఫ్యాను నా చేతిలో పెట్టాడు. "గేటు బయట," అన్నాడు. "లోపల కుదరదు."

గేటు ఎదుట చాయ్ బండి ఉంది, దాని వెనక కరెంటు ప్లగ్గు. బెంచీ మీద ఫ్యాను పెట్టుకుని మెడ విప్పాను. గేటు ఊచలకు అవతల ఉస్తాద్, వెల్డర్, మరో పదిమంది. లేఆఫ్‌లో ఉన్నవాళ్లు, బయటికి రాకూడదు. లోపలి నుంచే కేకలు వేశారు.

"ముందుగల ఆ పిన్ను తియ్యి! అట్ల గాదు, ఎడమకు తిప్పు!"

"నీ కండ్లు ఏడున్నయ్ రా, పన్ను విరిగింది సూడు!"

నిజమే. చక్రానికి ఒక పన్ను సగం విరిగి ఉంది. ఆకురాయితో నున్నగా చేసి, గ్రీజు పెట్టి, బిగించి, స్విచ్ వేశాను. కుడికి తిరిగింది. ఎడమకు తిరిగింది.  ఏ చప్పుడూ లేదు. వెల్డర్ ఈల వేశాడు.

ఆఫీసరు గేటు దాటి వచ్చి, వంగి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. "బాగుంది," అన్నాడు. ఫ్యాను ఎత్తుకుని వెళ్లబోయాడు.

"సార్, ఇరవై రూపాయలు," అన్నాను.

"ఊరికే చేస్తారట కదా?"

"అది ఉద్యోగం ఉన్నప్పుడు సార్."

ఊచల వెనక నవ్వులు. ఆయన కూడా నవ్వు ఆపుకుంటూ జేబులో చెయ్యి పెట్టాడు.

ఇంద్రేశం దారిలో మాత్రం నాకు నవ్వు రాలేదు. నాయిన ఆ రోజు తొందరగా వచ్చి అరుగు మీద కాళ్లు చాపుకుని ఉన్నాడు. సైకిల్ ఆనించకముందే చెప్పేశాను.

"తీసేసిండ్రు నాయినా."

"ఏం జేసినవ్?"

"పని జేసిన."

 నాయిన భుజాలు కదలడం మొదలైంది. నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు మళ్లీ నవ్వులోకి ఎక్కింది. "ఓ, ఇటు రాయే! నీ కొడుకును పని జేసిండని తీసేసిండ్రట! మా తాత నుంచి ఎవ్వనికి గింత గనత రాలే!"

అమ్మ గడప మీద కూలబడి తలకు చెయ్యి పెట్టుకుంది. "వాడకట్టుల నేనేం జెప్పాలె?"

 నాయిన నవ్వు మెల్లగా ఆగిపోయింది. ఆయన నా చేతులు చూశాడు, గోళ్లలో గ్రీజు ఇంకా ఉంది.

"ఆ ఫ్యాను సప్పుడు పోయిందా?"

"పోయింది."

"మల్ల రాదా?"

"రాదు నాయినా."

"ఇగ చేతులు కడుక్కో పో. బువ్వ తిని పండుకో, పొద్దుగాల లేసి ఏడన్న అడుగుదం."