కార్తీకంలో పోర్చుగల్

కెనడాలోని కనాటాలో టెలికాం ఇంజనీరు వీరరాఘవులు గారికి యాభై మూడేళ్ళు. ఫ్రిజ్ మీది తెలుగు క్యాలెండరులో ఆయన సర్ఫింగ్ యాత్ర రాసుకున్నారు: భాద్రపదంలో ఫ్రాన్స్, కార్తీకంలో పోర్చుగల్, మాఘంలో కెనరీ దీవులు. చిన్నప్పుడు భీమిలిలో తెప్పచెక్క మీద అలలెక్కింది తలుచుకుంటే ఇప్పటికీ చెప్పుల్లో ఆయన కాలివేళ్ళు ముడుచుకుంటాయి. “ముందిక్కడ అలలు పుట్టించే పూల్‌లో బోర్డు మీద నిలబడండి, అప్పుడే మిమ్మల్ని పంపేది,” అంది భార్య ఝాన్సీలక్ష్మి.

మొదటి క్లాసులో బోర్డు మీద కాలు పెట్టబోతూ, అలవాటుకొద్దీ దాన్ని తాకి కళ్ళకద్దుకున్నారు. అదీ పాఠమేననుకుని వెనక వరసలో ఉన్న ఆరుగురు విద్యార్థులూ అద్దుకున్నారు. ఆయన నవ్వాపుకోలేక దభీమని నీళ్ళలో పడ్డారు.

“భీమిలిలోనూ ఇలాగే పడేవారా?” పూల్ గట్టు మీంచి అడిగింది ఝాన్సీలక్ష్మి.

“ఇంతకన్నా బాగా పడేవాణ్ణి!”

నీళ్ళోడుతూ నవ్వుతున్న ఆ మొహాన్ని ఆమె కాసేపు చూసింది. “సర్లెండి, రెండు టికెట్లు బుక్ చేయండి. పైకి లాగడానికి ఎవరో ఒకరుండాలిగా.”