రెండు ముక్కలు చేయించిన గైడు

గైడు అంటే మా వైపు పరీక్షల గైడే. ముఖ్యమైన ప్రశ్నలకు స్టార్ గుర్తులు, కిందే జవాబులు, వెనక పాత పేపర్లు. అందుకే నందిగామ బస్టాండు ఎదుటి పుస్తకాల షాపులో "వెబ్ డిజైనింగ్ గైడు ఉందా అండీ" అని మేం అడిగితే, షాపాయన తలెత్తకుండానే "ఇంటరా, డిగ్రీయా?" అన్నాడు.

"పరీక్షకు కాదండి. నేర్చుకోవడానికి."

అప్పుడు తలెత్తి చూశాడు. పరీక్ష లేకపోయినా చదువుతామనే ఆడపిల్లలు ఆ షాపుకు అంతకుముందు వచ్చినట్టు లేరు.

మేం అంటే నేనూ, నా స్నేహితురాలూ. నాది జగ్గయ్యపేట, తనది నందిగామ. డిగ్రీ మూడేళ్ళూ ఒకే బెంచీ మీద కూర్చుని పోట్లాడుకున్నాం. తర్వాత నేను ఇంట్లో ట్యూషన్లు చెప్పుకుంటుంటే, తను ఒక కంప్యూటర్ సెంటర్లో టైపింగు పనికి కుదిరింది. ఆదివారాలు అక్కడ సిస్టమ్‌లు ఖాళీ. "వాడుకోండమ్మా, వెబ్ పేజీలు చేసే సాఫ్ట్‌వేర్ కూడా అందులో ఉంది. నాకు మాత్రం రాదు, నన్నడక్కండి" అన్నాడు ఓనరు. నేర్పేవాడు లేడు గనక పుస్తకం కావాలి. తొందరగా కావాలి. లారీ డ్రైవరైన నా స్నేహితురాలి నాన్నకు హైదరాబాద్‌లో పని దొరికింది, రంజాన్ కాగానే ఇల్లంతా అక్కడికి మారిపోతోంది. ఈలోగా ఇద్దరం కలిసి ఒక్క పేజీ చేసి ఇంటర్నెట్‌లోకి ఎక్కించాలని మా పంతం.

షాపాయన రెండు పుస్తకాలు తెచ్చి పడేశాడు. ఒకటి లావుపాటి ఇంగ్లీషుది, ఒకటి పల్చటి తెలుగుది.

"లావుది తీసుకోండమ్మా. సరుకు ఎక్కువుంటది."

"తూకం వేసి కొనడానికి కందిపప్పా అండీ?" అన్నాను. నా స్నేహితురాలు కాలితో నా కాలు తొక్కింది.

బళ్ళో తను తెలుగు మీడియం, నేను ఇంగ్లీషు మీడియం. కాబట్టి తెలుగుదే కొందామని ఉదారంగా నేనే అన్నాను. తను దాన్ని తెరిచి, ఒక పేజీ చదివి, నా వైపు చూసింది.

"దస్త్రం అంటే ఏంటే?"

"ఫైలు."

"మరి ఫైలు అని ఏడవొచ్చుగా? సిస్టమ్‌లో దస్త్రం ఎక్కడుందని వెతుక్కోను? మా సెంటర్లో బీరువాలో ఉంటాయి దస్త్రాలు."

నేనూరుకుంటానా? మాతృభాషలో చదువు గురించి అక్కడే ఉపన్యాసం అందుకున్నాను. తను వింటూనే ఇంగ్లీషు పుస్తకంలో ప్రతి అధ్యాయం చివరా తిరగేస్తోంది.

"ఏం వెతుకుతున్నావే?"

"తప్పు నొక్కితే ఏమవుద్దో రాశాడా లేదా అని. రాశాడు, చూడు. ఇట్లా రాకపోతే అట్లా చెయ్యమని అన్నిచోట్లా ఉంది. నీ తెలుగాయన అసలు తప్పే చెయ్యమనుకున్నాడు."

అరగంట వాదించాను. చివరికి లావుదే కొన్నాం. సరుకు గురించి కాదని షాపాయనకు చెప్పి మరీ కొన్నాను.

ఇద్దరికీ కలిపి ఒకటే పుస్తకం, ఊళ్ళేమో రెండు. డిగ్రీలో గైడును ఏం చేసేవాళ్ళమో దీన్నీ అదే చేశాం. బైండింగ్ షాపుకు తీసుకెళ్ళి నడిమికి కోయించి, రెండు అట్టలు వేయించాం. "మళ్ళీ అతికించమని రాబాకండమ్మా" అన్నాడు బైండింగాయన. మొదటి సగం నాకివ్వనంది తను. "నీకిస్తే చదివేసి, నన్నొదిలేసి ముందుకెళ్ళిపోతావ్. నీ సంగతి నాకు తెలవదా?"

రెండో సగంతో ఇంటికొచ్చి తెరిచాక తెలిసింది మేం చేసిన పని. పరీక్షల గైడును ఎక్కడ కోసినా ఏ ముక్కకు ఆ ముక్క పనికొస్తుంది. దీంట్లో ప్రతి పాఠమూ ఒకే మాటతో మొదలు: మొదటి అధ్యాయంలో మీరు తయారుచేసిన పేజీని తెరవండి. ఆ పేజీ నందిగామలో ఉంది. నా సగం తను లేకుండా దేనికీ కొరగాదు. కోపం రావాల్సింది, రాలేదు. ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడడం అలవాటైంది.

ఒకే కుర్చీలో చెరో అంచున కూర్చుని చేశాం. పరిటాల నుంచి గరికపాడు దాకా హైవే మీద ఏ దాబాలో ఏం బాగుంటుందో చెప్పే పేజీ. వాళ్ళ నాన్న చెప్తే తను రాసుకొచ్చింది. మీద ఎర్ర అక్షరాలు, పసుపు అంచు, మూలల్లో తామరపూలు.

"లోకంలో ఇన్ని రంగులుంటే నీకు లారీ రంగులే దొరికాయా?"

"నీ రంగులు పెడితే చావు కార్డులా ఉంటది. కూర్చో."

"లారీ డ్రైవర్లు ఇంటర్నెట్ చూస్తారంటావా?"

"నువ్వు చూస్తావుగా. చాల్లే."

పేజీ పూర్తయింది గానీ, ఇంటర్నెట్ వచ్చే సెంటర్ ఫోను లైను వానలకు పోయింది. పండగ వెళ్ళిన మూడో రోజున సామాన్లతో వాళ్ళ లారీ హైదరాబాద్ బయల్దేరింది. నేను చిల్లకల్లు అడ్డరోడ్డు దగ్గర నిలబడ్డాను. లారీ పక్కకు తీసి ఆపారు. తను కేబిన్‌లోంచి వంగి, "పేజీ ఎక్కించకపోయావో, చంపుతా" అంది.

"లైను బాగవనీవే."

"నేను చూస్తా. అక్కడ వీధికో నెట్ సెంటరంట."

వెనక బస్సువాడు హారను కొట్టాడు. అంతే.

లైను బాగయ్యాక ఎక్కించాను. ఆ పాఠం నా సగంలోనే ఉంది. దాని తర్వాతి పాఠం కౌంటరు, అంటే పేజీని ఎన్నిసార్లు చూశారో కింద చూపించే అంకె. అదీ పెట్టాను. ఒకటి అని చూపించింది. అది నేను. పేజీ అడ్రసు పోస్టుకార్డు మీద రాసి, తను ఇచ్చి వెళ్ళిన హైదరాబాద్ చిరునామాకు పంపాను.

మరుసటి ఆదివారం తెరిస్తే రెండు. తను చూసిందనుకుని సెంటరంతా వినపడేలా అరిచాను. ఇంకోసారి చూద్దామని మళ్ళీ తెరిస్తే మూడు. అప్పుడు అర్థమైంది. నేను తెరిచినప్పుడల్లా కౌంటరు నన్నే లెక్కేసుకుంటోంది. తను వచ్చిందో లేదో తెలియాలంటే నేను చూడకుండా ఉండాలి.

వారమంతా చూడకుండానే ఉన్నాను. జగ్గయ్యపేటలో కొత్తగా పెట్టిన నెట్ సెంటర్ ముందు నుంచి రోజూ నడిచాను, లోపలికి పోలేదు. ఆదివారం నందిగామ వెళ్ళి తెరిచాను.

నాలుగు.

ఆ పెరిగిన ఒకటీ నేనే. కార్డు అందలేదేమో, ఇల్లు సర్దుకోవడంలో ఉందేమో, వాళ్ళ వీధిలో నెట్ సెంటర్ లేదేమో అని తన తరఫున నేనే వాదించాను. కాదనేవాళ్ళు లేకుండా వాదించడం నాకు అదే మొదలు. సిస్టమ్ ఆపేసి, మళ్ళీ ఆదివారం దాకా తెరవనని గట్టిగా అనుకుని జగ్గయ్యపేట బస్సెక్కాను.